ప్రభుత్వ కార్యాలయాల్లో సైబర్ భద్రత, ఉద్యోగుల హక్కులు: తెలుసుకోవలసిన సంగతులు

మన పద్మనగర్‌కు తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల్లో ఎక్కువ భాగం పవర్‌లూమ్ మీద ఆధారపడి నిలదొక్కుకున్నవే. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు మహానగరపాలికలో, పాలిక బడుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో, అంగన్‌వాడీల్లో, ఇతర ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా పనిచేస్తున్నారు. కొందరు పర్మనెంటు, మరికొందరు ఒప్పందం మీద, ఇంకొందరు గౌరవ వేతనం మీద ఉన్నారు. ఏ రకం ఉద్యోగమైనా ఈ నాలుగైదేళ్లలో అందరికీ ఒకే తీరు ఆదేశాలు అందుతున్నాయి. ఫలానా యాప్ వేసుకోండి. ముఖం చూపించి హాజరు వేయండి. పాస్‌వర్డు మార్చండి. ఆఫీసు కాగితాలు ఫలానా చోట పెట్టకండి. సోషల్ మీడియాలో ఇలా రాయకండి.

వీటిలో కొన్ని నిజంగా ప్రజల సమాచారాన్ని కాపాడేవి. కొన్ని ఉద్యోగిని కనిపెట్టి ఉండటానికి పెట్టినవి. రెండింటి మీదా 'భద్రత' అనే పేరే ఉంటుంది. ఏది ఏదో తెలియకపోతే రెండు రకాల నష్టం జరుగుతుంది. పాటించవలసినది పాటించక ఉద్యోగం మీదికి తెచ్చుకునేవారు కొందరు. అడగవలసిన చోట అడగక పగార్ పోగొట్టుకునేవారు మరికొందరు. ఈ తేడా తెలుసుకోవడానికి పనికివచ్చే సంగతులను ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

భద్రతా నియమాలు ఎందుకు వచ్చాయి

ముందుగా ప్రభుత్వం వైపు న్యాయం చూద్దాం. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లను ఎవరో తాళం వేసినట్టు బిగించేశారు. ఇలాంటి దాడిని రాన్సమ్‌వేర్ అంటారు. రోగుల నమోదు, అడ్మిషన్లు, ల్యాబు రిపోర్టులు అన్నీ సుమారు రెండు వారాల పాటు చేతితో రాసుకోవలసి వచ్చింది. అంతకు ముందు 2021 మార్చిలో మన మహారాష్ట్ర పారిశ్రామిక అభివృద్ధి మండలి, అంటే ఎంఐడీసీ సర్వర్ల మీద ఇదే రకం దాడి జరిగి ఆన్‌లైన్ పనులు ఆగిపోయాయి. 2019 వేసవిలో ఆంధ్ర, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకు కూడా ఇదే గతి పట్టింది.

దాడి ఎప్పుడూ బయటి నుంచే రాదు. 2023 మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడింది. కమిషన్‌లోనే పనిచేసే ఒక ఉద్యోగి, నెట్‌వర్కు చూసే ఒక ఒప్పంద ఉద్యోగితో కలిసి గోప్య విభాగం కంప్యూటర్‌లోకి చేరారని పోలీసులు ఆరోపించారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ సహా అప్పటికే జరిగిన పరీక్షలను కమిషన్ రద్దు చేసింది. ఏళ్ల తరబడి చదివిన లక్షల మంది పిల్లల కష్టం మళ్లీ మొదటికి వచ్చింది. మన ఊళ్ల నుంచి ఆ పరీక్షలకు వెళ్లిన పిల్లల తల్లిదండ్రులకు ఆ బాధ కొత్తగా చెప్పనక్కరలేదు.

కాబట్టి కార్యాలయ కంప్యూటరుకు కాపలా వద్దని ఎవరూ అనరు. ఆ కాపలా ఎంతవరకు ఉండాలన్నదే ప్రశ్న.

అమలులో ఉన్న ముఖ్యమైన నియమాలు

కేంద్రంలో సైబర్ సంఘటనలను చూసే సంస్థ సర్ట్-ఇన్. ఐటీ చట్టం 2000లోని 70బి సెక్షన్ దీనికి అధికారం ఇస్తుంది. 2022 ఏప్రిల్ 28న ఈ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల లోపు సంస్థలు తెలియజేయాలి. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఏం చేశారు అనే నమోదును 180 రోజులు దాచాలి. ఇవి ప్రైవేటు కంపెనీలకూ ప్రభుత్వ కార్యాలయాలకూ వర్తిస్తాయి.

2022 జూన్‌లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్ఐసీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం చేయదగినవి, చేయకూడనివి అని ఒక జాబితా ఇచ్చింది. పాస్‌వర్డును కనీసం 45 రోజులకొకసారి మార్చాలి. ప్రభుత్వ గోప్య పత్రాలను గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి చోట పెట్టకూడదు. ప్రభుత్వ పత్రాలను క్యామ్‌స్కానర్ వంటి బయటి యాప్‌లతో స్కాన్ చేయకూడదు. బయటి వీపీఎన్‌లు వాడకూడదు. తాత్కాలిక, ఒప్పంద, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కూడా వీటిని పాటించాలని అందులో ఉంది. 2023 జూన్‌లో సర్ట్-ఇన్ ప్రభుత్వ సంస్థలన్నిటికీ మరో మార్గదర్శకాల సెట్టు విడుదల చేసింది.

మహారాష్ట్రలో సాధారణ పరిపాలన శాఖ 2025 జూలై 28న సోషల్ మీడియా వాడకంపై సర్క్యులర్ ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులతో పాటు ఒప్పంద ఉద్యోగులనూ, స్థానిక సంస్థల వారినీ దీని కిందికి తెచ్చారు. సొంత ఖాతా, ఆఫీసు ఖాతా వేరువేరుగా ఉండాలి. నిషేధించిన యాప్‌లు వాడకూడదు. గోప్య పత్రాలు అనుమతి లేకుండా పెట్టకూడదు. బదిలీ అయితే ఆఫీసు ఖాతాను తర్వాతి వారికి అప్పగించాలి. ఇవన్నీ సమంజసమైనవే. అదే సర్క్యులర్‌లో ప్రభుత్వ విధానాలను విమర్శించకూడదని కూడా ఉంది. ఇది సమాచార భద్రతకు సంబంధించిన విషయం కాదు, ఉద్యోగి మాటకు సంబంధించినది. ఒకే కాగితం మీద రెండు రకాల నియమాలు ఎలా కలుస్తాయో చూపడానికి ఇది మంచి ఉదాహరణ. చదివేటప్పుడు ఏ పేరా దేన్ని కాపాడుతోందో విడదీసి చూసుకోవాలి.

ఉద్యోగులు అభ్యంతరం చెప్పిన సందర్భాలు

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ప్రభుత్వ బడుల టీచర్లకు ముఖ గుర్తింపు హాజరు పెట్టారు. టీచర్లు తమ సొంత ఫోనులోనే విద్యాశాఖ యాప్ వేసుకుని, బడి ఆవరణలో ఫోటో తీసుకుని, నిర్ణీత సమయం లోపు హాజరు వేయాలి. ఉపాధ్యాయ సంఘాలు హాజరు వేయడాన్ని తప్పుపట్టలేదు. సొంత ఫోనులో ప్రభుత్వ యాప్ ఎందుకు, అందులోని మా సమాచారం ఏమవుతుంది, సిగ్నల్ లేని ఊళ్లో ఆలస్యం మా మీద ఎందుకు రాస్తారు, కావాలంటే ప్రభుత్వమే పరికరం ఇవ్వాలి అని అడిగాయి. అప్పటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ సంఘాలతో చర్చలు జరిపారు. తర్వాత 2023 జనవరి నుంచి మిగతా ప్రభుత్వ శాఖలకు కూడా ముఖ గుర్తింపు హాజరును విస్తరించారు.

హర్యానాలో 2021లో ఆశా కార్యకర్తలకు ఇచ్చిన ఫోన్లలో 'ఎండీఎం 360 షీల్డ్' అనే యాప్ వేయమన్నారు. ఇలాంటి యాప్‌తో ఫోను ఎక్కడుందో దూరం నుంచే తెలుసుకోవచ్చు, అందులో ఏ యాప్ ఉండాలో నిర్ణయించవచ్చు. పోయిన ఫోనులోని సమాచారం చెరిపేయడానికి ఇది పనికివస్తుంది. అదే యాప్ రాత్రి ఇంట్లో ఉన్న ఆడమనిషి ఎక్కడుందో కూడా చూపగలదు. తమను వెంటాడటానికే దీన్ని పెట్టారని ఆశాలు గట్టిగా వ్యతిరేకించారు. ఒకే సాధనం రెండు పనులు చేయగలదు కనుక రెండో పని చేయదని రాతపూర్వకంగా హామీ అడగడం తప్పేమీ కాదు.

మన మహారాష్ట్రలోనే 2021 ఆగస్టులో అంగన్‌వాడీ సేవికలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను తిరిగి ఇచ్చే ఆందోళన చేశారు. ఆ ఫోన్లు హ్యాంగ్ అవుతున్నాయని, పోషణ్ ట్రాకర్ యాప్ ఇంగ్లీషులో ఉందని, మరమ్మతు ఖర్చు తమ మీద పడుతోందని వారి బాధ. పరికరం పనిచేయకపోతే నింద ఎవరి మీద పడుతుందన్నది ఇక్కడ అసలు విషయం.

నాగ్‌పూర్, నవీ ముంబై, చండీగఢ్, పంచ్‌కులా వంటి చోట్ల పారిశుద్ధ్య కార్మికులకు జీపీఎస్ వాచీలు కట్టించారు. చండీగఢ్, పంచ్‌కులాలో కార్మికులు నిరసన తెలిపారు. ఇక్కడ కాపాడవలసిన కంప్యూటరు, ఫైలు, ప్రజల సమాచారం ఏదీ లేదు. ఇది సైబర్ భద్రత కిందికి రాదు. పర్యవేక్షణను పర్యవేక్షణ అనే పిలిచి, ఆ పేరుతోనే చర్చించాలి.

చట్టం ఏమంటుంది

సర్కారు నౌకరీలో చేరినంత మాత్రాన మనిషి హక్కులు ఆఫీసు గేటు దగ్గర విడిచిపెట్టి రానక్కరలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన ఉద్దేశం ఉండాలి, ఆ ఉద్దేశానికి సరిపడా మాత్రమే జోక్యం ఉండాలి. ఈ మూడు కొలతలూ ఉద్యోగికి ఇచ్చే ఏ ఆదేశానికైనా పనికివస్తాయి.

అంతకు ముందే 2012లో మహారాష్ట్రకు చెందిన గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో ఒక ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షల వివరాలు వ్యక్తిగత సమాచారమేనని, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే తప్ప సమాచార హక్కు కింద ఇతరులకు ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు చెప్పింది.

మాట విషయానికి వస్తే, 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు లిపికా పాల్ కేసులో ప్రభుత్వ ఉద్యోగికి కూడా వాక్ స్వాతంత్ర్యం ఉంటుందని, ప్రవర్తనా నియమాల హద్దులో తన నమ్మకాలను చెప్పుకోవచ్చని తీర్పు ఇచ్చింది. అయితే హద్దులు ఉన్నాయన్న మాట మరవకూడదు. మహారాష్ట్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు 1979 ఇప్పటికీ అమలులో ఉన్నాయి.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమావళిని 2025 నవంబరులో నోటిఫై చేశారు. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలులోకి వస్తాయి. ఈ చట్టంలో ఉద్యోగులు గమనించవలసినవి మూడు. మొదటిది, ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడం కోసం ఉద్యోగి సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవడానికి 7వ సెక్షన్ వీలు ఇస్తుంది. రెండోది, తీసుకున్న సమాచారాన్ని కాపాడే బాధ్యత తీసుకున్నవారిదే. అది బయటకు పొక్కితే ఆ సంగతి సంబంధిత వ్యక్తికి తెలియజేయాలి. కాపాడడంలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. మూడోది, దేశ భద్రత వంటి కారణాలతో కొన్ని ప్రభుత్వ సంస్థలను ఈ చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. అంటే ఈ చట్టం ఉద్యోగికి కొంత అండ ఇస్తుంది, మొత్తం రక్షణ మాత్రం కాదు. మిగతాది సంఘాలు అడిగి తెచ్చుకోవలసిందే.

శిక్ష విషయంలో ఉద్యోగ రకాన్ని బట్టి తేడా ఉంది. రాష్ట్ర, కేంద్ర సివిల్ పోస్టుల్లో ఉన్నవారిని విచారణ లేకుండా తొలగించకుండా రాజ్యాంగం 311వ అధికరణ కాపాడుతుంది. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మహానగరపాలిక ఉద్యోగులకు వారి సొంత సేవా నియమాలు వర్తిస్తాయి. ఒప్పంద, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి ఈ రక్షణ చాలా తక్కువ. అంగన్‌వాడీ వారికి గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పినా, గౌరవ వేతనం పేరుతో పనిచేసేవారి మిగతా హక్కులు ఇంకా తేలలేదు. నియమాలు మాత్రం అందరికీ సమానంగా వర్తిస్తున్నాయి. బాధ్యత ఒకటే అయినప్పుడు రక్షణ ఎందుకు వేరుగా ఉండాలన్నది మన ఉద్యోగ సోదర సోదరీమణులు అడగవలసిన ప్రశ్న.

ఉద్యోగి సమాచారం పోతే ఏమవుతుంది

భద్రత పేరుతో సేకరించిన సమాచారమే దొంగల పాలైతే పరిస్థితి ఏమిటి? అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ మేనేజ్‌మెంట్ కార్యాలయం నుంచి పెద్ద ఎత్తున సమాచారం చోరీ అయినట్టు 2015లో తెలిసింది. నేపథ్య పరిశీలన కోసం ఇచ్చిన వివరాలు 2 కోట్ల 15 లక్షల మందివి పోయాయి. వారిలో 56 లక్షల మంది వేలిముద్రలు కూడా ఉన్నాయి. ఉద్యోగ సంఘాలు కోర్టుకు వెళ్లగా 2022లో 6 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పందం కుదిరింది.

పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. వేలిముద్రనూ ముఖాన్నీ మార్చుకోలేం. మన తెలంగాణలో కూడా 2024లో పోలీసుల హాక్ ఐ యాప్, పోలీసు సిబ్బంది వాడే టీఎస్‌కాప్ యాప్ నుంచి సమాచారం బయటకు పోయింది. ఒక విద్యార్థిని పోలీసులు అరెస్టు చేశారు. అందుకే హాజరు కోసం ముఖం, వేలిముద్ర తీసుకునేటప్పుడు అవి ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, ఉద్యోగం మానేశాక చెరిపేస్తారా అని అడగడం ఉద్యోగి హక్కే కాదు, అది కూడా ఒక భద్రతా చర్యే.

వేలిముద్ర విషయంలో మనవాళ్లకు మరో చిక్కు ఉంది. ఏళ్ల తరబడి నూలు, ఇనుము, సున్నం, ఫినాయిల్ పట్టిన చేతుల గీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణం మిషను దగ్గర పెద్దవాళ్లు పడే అవస్థ మనకు తెలిసిందే. హాజరు మిషను దగ్గర ఒక సఫాయి కార్మికుడికి ఇదే జరిగితే ఆ రోజు పగార్ పోతుంది. మిషను గుర్తించనప్పుడు రిజిస్టరులో సంతకం చేసే ఏర్పాటు తప్పక ఉండాలి.

బయటి దేశాల కోర్టులు గీసిన గీత

ప్రభుత్వ ఉద్యోగిపై నిఘా గురించి యూరప్ మానవ హక్కుల కోర్టు పలు తీర్పులు ఇచ్చింది. 1997లో హాల్‌ఫర్డ్ కేసులో ఒక బ్రిటిష్ మహిళా పోలీసు అధికారి ఆఫీసు ఫోను వినడం తప్పని చెప్పింది. 2007లో కోప్లండ్ కేసులో వేల్స్‌లోని ఒక ప్రభుత్వ కాలేజీ ఉద్యోగిని ఫోను, ఈమెయిలు, ఇంటర్నెట్ వాడకాన్ని చెప్పకుండా గమనించడం తప్పని తేల్చింది. అప్పటికి అలా గమనించడానికి సరైన చట్టమే లేదని ఎత్తి చూపింది. 2017లో బర్బులెస్కు కేసు ఒక ప్రైవేటు కంపెనీది. అందులో ఉద్యోగికి ముందే చెప్పారా, ఎంత మేరకు చూశారు, కారణం ఏమిటి, తక్కువ జోక్యంతో పని జరిగేదా అనే ప్రశ్నలు వేసుకోవాలని కోర్టు నిర్దేశించింది.

యజమాని వైపు వచ్చిన తీర్పు కూడా చెప్పాలి. 2010లో అమెరికా సుప్రీంకోర్టు క్వాన్ కేసులో, పోలీసు శాఖ తానే ఇచ్చిన పేజరులోని సందేశాలను పని అవసరం కోసం, పరిమితంగా పరిశీలించడం సమంజసమేనని చెప్పింది. ఆ తీర్పులు మన కోర్టులను కట్టడి చేయవు. కానీ చూసే తీరు మన పుట్టస్వామి తీర్పుకు దగ్గరగానే ఉంది. ఆఫీసు ఇచ్చిన పరికరం మీద ఆఫీసుకు ఎక్కువ అధికారం, సొంత ఫోను మీద తక్కువ. ముందే చెప్పి చూడటం వేరు, చెప్పకుండా చూడటం వేరు.

లాగ్ ఉద్యోగికి కూడా సాక్షి

గుమాస్తాగా పనిచేసిన అనుభవంతో ఒక మాట చెప్పగలను. పాతకాలంలో బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో రిజిస్టరులో రాసేవారు. ఫైలు ఎవరి చేతికి వెళ్లిందో మూవ్‌మెంట్ రిజిస్టరులో ఉండేది. బదిలీ అయితే చార్జి లిస్టు మీద ఇద్దరూ సంతకం పెట్టేవారు. ఫైలు పోతే ఆ రిజిస్టరే నిజాయితీగల గుమాస్తాను కాపాడేది. కంప్యూటరు లాగ్ కూడా అలాంటి రిజిస్టరే. అది ఉండటం చిన్న ఉద్యోగికి మేలు.

అయితే ఆ రిజిస్టరు నిజం చెప్పాలంటే ఒకరి తాళం మరొకరి చేతిలో ఉండకూడదు. చాలా కార్యాలయాల్లో సాహెబు పాస్‌వర్డు గుమాస్తాకు తెలుసు, సాహెబు డిజిటల్ సంతకం డాంగిల్ గుమాస్తా సొరుగులో ఉంటుంది. పని త్వరగా అవుతుందని అందరూ ఒప్పుకుంటారు. ఏదైనా తప్పు జరిగిన రోజు లాగ్‌లో పేరు సాహెబుది, కుర్చీలో కూర్చున్నది గుమాస్తా. అప్పుడు వేలు ఎవరి వైపు చూపుతుందో చెప్పనక్కరలేదు. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సంతకం తాళాన్ని తన అదుపులో ఉంచుకునే బాధ్యత ఆ సంతకం ఎవరిదో వారిదే. మరొకరి పాస్‌వర్డును, ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఈ నియమం అధికారికి ఎంత వర్తిస్తుందో గుమాస్తాకు అంతే వర్తిస్తుంది. ఇక్కడ భద్రతా నియమాన్ని పట్టుబట్టి పాటించడమే ఉద్యోగి హక్కును కాపాడుకోవడం.

మగ్గం దగ్గర మీటరు లెక్కన పగార్ వచ్చే కార్మికుడు కొలత తన కళ్లముందే జరగాలని కోరతాడు. లాగ్ విషయంలోనూ అంతే. దాన్ని ఆధారంగా తీసుకుని మెమో ఇచ్చినప్పుడు ఆ నకలు ఉద్యోగికి చూపాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం కోరుతుంది. శాఖాపరమైన విచారణలో సాక్ష్య చట్టం అంత కఠినంగా వర్తించకపోయినా, ఆరోపణకు ఆధారమైన పత్రాన్ని చూపమని అడగడం సహజ న్యాయం.

ఆదేశం చేతికి వచ్చినప్పుడు

ఉద్యోగంలో ఉన్నవారు కింది విషయాలు గుర్తుంచుకుంటే మేలు.

1. నోటి మాట మీద, వాట్సాప్ సందేశం మీద కొత్త యాప్ వేసుకునే ముందు ఆదేశం నంబరు, తేదీ, ఇచ్చిన అధికారి హోదా అడిగి రాసుకోండి. మర్యాదగా అడగండి. అడగడం అవిధేయత కాదు.

2. యాప్ ఫోనులోని ఏయే వాటిని అడుగుతోందో చూడండి. హాజరు యాప్‌కు కెమెరా, డ్యూటీ సమయంలో లొకేషన్ అవసరం కావచ్చు. కాంటాక్టులు, మెసేజీలు, గ్యాలరీ అవసరం లేదు. సెట్టింగుల్లో 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్నది ఎంచుకోండి.

3. సొంత ఫోనుకు బదులు ఆఫీసు పరికరం కావాలంటే ఒక్కొక్కరుగా కాక సంఘం ద్వారా రాతపూర్వకంగా అడగండి.

4. యాప్ పనిచేయకపోతే, మిషను వేలిముద్ర తీసుకోకపోతే అదే రోజు పై అధికారికి రాసి ఇచ్చి ఆవక్ ముద్ర వేయించుకోండి. నెలాఖరున పగార్ కోత పడ్డాక చెప్పుకుంటే వినేవారు తక్కువ.

5. మీ పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఎదుటివారిది అడగకండి. సాహెబు లాగిన్‌తో పనిచేయమంటే మీ పేరున వేరే లాగిన్ ఇవ్వమని ఫైలు మీద నోటు పెట్టండి.

6. బదిలీ, పదవీ విరమణ అప్పుడు చార్జి లిస్టులో మీ లాగిన్‌లు, ఆఫీసు మెయిలు, ఆఫీసు వాట్సాప్ గ్రూపుల అడ్మిన్ బాధ్యతలు కూడా రాసి అప్పగించి, వాటిని మూసివేసినట్టు సంతకం తీసుకోండి.

7. పొరపాటున అనుమానాస్పద లింకు నొక్కితే దాచకండి. వెంటనే ఆఫీసులో చెప్పండి. డబ్బు పోతే 1930కి ఫోను చేయండి.

ఈ చివరి అంశంలో అధికారులకు కూడా ఒక బాధ్యత ఉంది. 6 గంటల్లో పైకి తెలియజేయాలంటే ముందు కింది ఉద్యోగి ధైర్యంగా నోరు విప్పగలగాలి. చెప్పినవాడికి వెంటనే మెమో ఇస్తే తర్వాత ఎవరూ చెప్పరు. కావాలని చేసిన ద్రోహాన్ని, మోసపోయి చేసిన పొరపాటును వేరుగా చూసే ఆఫీసులోనే దాడి త్వరగా బయటపడుతుంది.

సంఘాలు అడగవలసినవి

ఉద్యోగ సంఘాలు భద్రతను వ్యతిరేకిస్తున్నట్టు కనిపించనక్కరలేదు. నియమం పెట్టే ముందు మాతో మాట్లాడండి, పరికరం మీరే ఇవ్వండి, డ్యూటీ గంటల బయట లొకేషన్ తీసుకోవద్దు, సేకరించిన సమాచారం ఎన్నాళ్లు దాస్తారో రాయండి, మిషను విఫలమైతే వేరే దారి పెట్టండి, ఒప్పంద ఉద్యోగిని విచారణ లేకుండా తీసేయవద్దు అని అడిగితే చాలు. వీటిలో ఏ ఒక్కటీ సర్వరు భద్రతను తగ్గించదు.

మన తెలుగువారికి భాష ఇబ్బంది కూడా ఉంది. జీఆర్‌లు, సర్క్యులర్‌లు మరాఠీలో ఉంటాయి, సాంకేతిక మార్గదర్శకాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివి చిన్న ఉద్యోగంలో చేరిన అక్కచెల్లెళ్లు అర్థం కాకుండానే సంతకం పెట్టేస్తున్నారు. మరాఠీ బాగా చదవగలిగిన మన యువకులు, రిటైరైన ఉద్యోగులు నెలకు ఒక ఆదివారం సంఘం హాలులో కూర్చుని కొత్త ఆదేశాలను తెలుగులో చదివి చెబితే చాలామందికి మేలు జరుగుతుంది. ఆదేశం నకలు తెస్తే ఏ పేరా ప్రజల సమాచారాన్ని కాపాడుతోందో, ఏ పేరా ఉద్యోగి మీద నిఘా పెడుతోందో కలిసి చూసుకోవచ్చు. మొదటిదాన్ని తప్పకుండా పాటిద్దాం. రెండోదాని గురించి సంఘం ద్వారా రాసి అడుగుదాం.